బ్రేకక్క ఆదివారం

పెందుర్తిలో రోజారమణి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. బ్రేకక్క ఇల్లెక్కడ అంటే మాత్రం పాల బూతు దగ్గర నిలబడ్డ ముసలాయన కూడా చెయ్యెత్తి చూపిస్తాడు. డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పే మనిషి ఆవిడ. లైసెన్సు టెస్టు పెట్టే ఆఫీసరుని జనం బ్రేకినస్పెట్రు అంటారు కదా, ఆ టెస్టుకి ముందు తమని ఏడిపించే ఈవిడని బ్రేకక్క అన్నారు. ఇది ఒక కారణం. అసలు కారణం ఇంకోటుంది.

డ్రైవింగ్ స్కూలు కారు ఎక్కినవాళ్ళకి అది తెలుసు. నేర్చుకునేవాళ్ళు కుడి పక్కన స్టీరింగ్ ముందు కూర్చుంటారు, నేర్పేవాళ్ళు ఎడమ పక్కన. ఆ ఎడమ పక్కన కాళ్ళ దగ్గర ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు బిగించి ఉంటాయి. యాక్సిలరేటరు ఉండదు. బండిని ఆపడానికే ఆ సీటు, నడపడానికి కాదు. పిల్లలు బడికి వెళ్ళే వయసు వచ్చినప్పుడు రోజారమణి ఆ సీటెక్కింది. ఆ పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, ఆవిడ ఇంకా దిగలేదు.

"నా కాలు బ్రేకు మీదున్నాది, నువ్వు బయపడకు" అంటుంది ప్రతి కొత్త మనిషితోనూ. ఆ ఒక్క మాటతో చెమటలు పట్టిన చేతులు స్టీరింగ్ మీద కుదురుకుంటాయి. మాట వరసకి అన్నది కాదు, కాలు నిజంగానే అక్కడే ఉంటుంది. ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా కుడి మడమ నేలకి ఆనించి వేళ్ళు పైకి లేపి పెట్టుకుంటుంది.

"ఎవుల్ని ఆపుతన్నావే ఇక్కడ, సీరియల్నా?" అంటాడు మొగుడు గురువులు. పోర్టులో క్రేన్ నడుపుతాడతను. మేనత్త కొడుకే కాబట్టి ఆవిడకి చిన్నప్పటినుంచీ బావే.

"నిన్నే ఆపుతన్నాను బావా, గమ్ముని కూకో" అంటుంది ఆవిడ.

నవ్వులాటలు ఎలా ఉన్నా, రోజారమణికి ఒక కోరిక ఉంది. అది బయటికి చెబితే నలభై దాటిన ఆడదానికి ఇదేం పోయేకాలం అంటారని ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కుడి పక్క సీట్లో కూర్చుని యాక్సిలరేటరు అడుగంటా తొక్కాలి. పక్కనెవరికీ ఏమీ నేర్పకూడదు. ఎవరినీ ఆపకూడదు.

స్కూలు కారు తొక్కొచ్చు కదా అంటే, దాని తాళం ఓనరు చలమయ్య మొలతాడుకి కట్టుకున్నట్టే ఉంటుంది. పొద్దున్నే ఆయన తెచ్చి నిలబెడతాడు, సాయంత్రం ఆయనే పట్టుకుపోతాడు. పోనీ ఎప్పుడైనా సందు చూసుకుని నడిపినా, పైన బోర్డు, ముందూ వెనకా ఎర్ర ఎల్ అక్షరాలు ఉన్న బండి. అందులో స్పీడు నలభై దాటిందంటే పెందుర్తంతా వారం రోజులు అదే మాట్లాడుకుంటుంది.

కోరిక ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఆవిడకి తెలుసు. సబ్బవరం అవతల వాళ్ళ ఊళ్ళో మేనమామకి ఒక ట్రాక్టరుండేది. కోతలయ్యాక ఎండిపోయిన మళ్ళలో నాన్న వరహాలు ఆవిణ్ణి దాని మీద కూర్చోబెట్టి తిప్పనిచ్చేవాడు. ఓణీలు వేసుకునే వయసులో ఒకరోజు, మామ భోజనానికి వెళ్ళినప్పుడు, ఆ ట్రాక్టరెక్కి కాలవ గట్టు మీద ఉన్నంత బలంతో తొక్కింది. ట్రాక్టరు ఎంత వేగం పోతుంది, పాపం. అయినా జడ విడిపోయింది, ఓణీ ఎగిరి మొహం మీద పడింది, ఒళ్ళంతా తేలిపోయింది. ఇంటికొచ్చాక అమ్మ జోగమ్మ చీపురు తిరగేసింది. దెబ్బలు మర్చిపోయింది గాని ఆ గాలిని మర్చిపోలేదు.

అలాంటి మనిషి దగ్గరికి జ్యోతిర్మయి మేడమ్ డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చారు.

ఆవిడ స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్‌లో స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త కామరాజు ప్లాంటులో ఎలక్ట్రీషియన్. ఇద్దరూ పెందుర్తిలో ఇల్లు కట్టుకుని చేరిన కొన్నాళ్ళకే ఆయన పోయారు. వెనక మిగిలినవాటిలో ఒక కారుంది. రెండే సీట్లు, పైకప్పు లేదు, ఎత్తు నడుము దాటదు, టమోటా పండు రంగు. ఏ పాతసామాన్ల షెడ్డులోనో చచ్చిపడి ఉన్నదాన్ని తెచ్చి, వీక్లీ ఆఫ్ వచ్చిన ప్రతిసారీ దాని కిందే పడుకుని, ఒక్కో తీగా కలిపి బతికించారాయన. దాన్ని ఆటోక్రాస్‌లో పరిగెత్తించాలని ఆయన ఆశ.

ఆటోక్రాస్ అంటే పెద్ద రేసేం కాదు. మట్టి నేల మీద కోన్లు పెట్టి వంకర టింకర దారి చేస్తారు. ఒక్కో కారూ ఒంటరిగా ఆ దారిలో తిరిగి రావాలి. పోటీ గడియారంతోనే. కోను తగిలి పడిపోతే శిక్షగా టైము కలుపుతారు. కార్లంటే పిచ్చి ఉన్న కుర్రాళ్ళు కొందరు క్లబ్బుగా చేరి చలికాలంలో ఒక ఆదివారం ఇలా సరదా తీర్చుకుంటారు. కామరాజుగారు ప్రతి ఏడూ వెళ్దామనేవారు. ఒక ఏడు షిఫ్టు దొరకలేదు, ఒక ఏడు గేరుబాక్సు మొరాయించింది, ఇంకో ఏడు గుండె.

ఆయన పోయాక ఆ కారు కోసమే డ్రైవింగ్ నేర్చుకున్నారు మేడమ్. నేర్చుకోవడమైతే నేర్చుకున్నారు, లైసెన్సూ వచ్చింది. కాని గేరు మార్చే ప్రతిసారీ ఎడమ పక్కన రోజారమణి కాలు వైపు చూసేవారు. ఆ కాలు కనిపించకపోతే బండి కదిలేది కాదు. చివరికి విసిగిపోయి కారు అమ్మేయడానికి ఒప్పుకున్నారు. ఎలమంచిలి నుంచి ఒకాయన సోమవారం వచ్చి తోలుకుపోతానన్నాడు.

"సోమవారం అమ్మేస్తున్నానండీ" అన్నారు మేడమ్ ఒకరోజు. "దానికి ముందు ఆదివారమే ఆ ఆటోక్రాస్. సబ్బవరం దగ్గరే. ఆయన బండి ఒక్కసారైనా అక్కడ తిరగాలి. నా వల్ల కాదు. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను."

"సూత్తాను మేడమ్. ఆదివారం ఏటి పనుందో" అంది రోజారమణి, ఏమీ పట్టనట్టు. ఇంటికొచ్చి కూర మాడబెట్టింది.

గురువులు మాడిన కూర తింటూనే విషయం రాబట్టాడు. ఆదివారం పొద్దున్న ఆవిడ బయలుదేరుతుంటే పోర్టులో పెట్టుకునే పసుపు హెల్మెట్ తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇదెట్టుకుంటే నన్ను లోడింగుకొచ్చిందనుకుంటారు" అంది.

"అనుకోనీ. తలకాయ బద్రం. సూడు రోజా..."

"ఏటి?"

"ఏటీ నేదు. బేగొచ్చీ" అన్నాడు.

క్లబ్బు వాళ్ళే మంచి హెల్మెట్లు ఇస్తారట. అయినా పసుపుది కూడా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది.

సబ్బవరం దాకా కారు రోజారమణే నడిపింది. కూర్చుంటే తారు రోడ్డు చేతికి తగిలేలా ఉంది. లారీ పక్కనుంచి పోతే దాని చక్రం తలకన్నా ఎత్తున తిరుగుతోంది. ముందు పెళ్ళివాళ్ళ బస్సు, వెనక గడ్డి ట్రాక్టరు, రోడ్డు పొడుగునా అడ్డం వచ్చే బైకులు. మధ్యలో ఒకచోట రోడ్డు ఖాళీగా దొరికింది కూడా. రోజారమణి తొక్కలేదు. పండగ స్వీటుని పిల్లలు ఆఖరికి దాచుకున్నట్టు దాచుకుంది. ఇప్పుడు కాదు, అక్కడ, అని తనలో తను అనుకుంటూ వెళ్ళింది.

అక్కడ అంటే ఒక వెంచరు. జీడితోటలు కొట్టేసి, ఎర్రమట్టి చదును చేసి, రోడ్లు వేసి, ప్లాట్లకి తెల్లరాళ్ళు పాతి, ముందు పెద్ద ఆర్చి కట్టారు. ఆర్చి మీద గోల్డెన్ ఏదో సిటీ అని ఉంది. లోపల సిటీ కాదు కదా, ఒక్క పాక కూడా లేదు. అందుకే ఆ కుర్రాళ్ళకి ఆదివారానికి దొరికింది. కోన్లు ఎర్రగా వరస కట్టి ఉన్నాయి. చివర్లో నలభై అడుగుల రోడ్డు ఒకటి తిన్నగా, దుమ్ము రంగులో, కొండ వైపు పోతోంది. దాన్ని చూడగానే రోజారమణికి నోట్లో తడారిపోయింది.

జెండా పట్టుకున్న చందు ఆవిణ్ణి చూసి పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళమ్మ పట్టుబట్టి అతనికి ఈవిడ దగ్గరే డ్రైవింగ్ నేర్పించింది.

"బ్రేకక్కా, నువ్వేటి ఇక్కడ? రేసుకొచ్చీసినావేటి?"

"వచ్చీసినాను గాని, ఎలాగాడాలో సెప్పు."

దారి చూపించాడు. ముందు పాములా మెలికలు, తర్వాత కోన్ల చుట్టూ ఒక గుండ్రం, అక్కణ్ణించి ఆ తిన్నటి రోడ్డు, చివర నాలుగు కోన్ల గదిలో ఆపాలి. ఒక్కో బండికి రెండు ఛాన్సులు. రెంటిలో మంచి టైమే లెక్క.

మొదటి ఛాన్సు వచ్చింది. రోజారమణి కుడి పక్కన, మేడమ్ ఎడమ పక్కన. చందు జెండా ఎత్తాడు, దించాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన క్షణం అదే. ఆ క్షణంలో మన బ్రేకక్క ఏం చేసిందో చెబితే నమ్మరు. అద్దంలో వెనక్కి చూసింది. కుడి ఇండికేటరు వేసింది. భుజం మీంచి తిరిగి చూసింది. చిన్నగా హారన్ కొట్టి, హాఫ్ క్లచ్చులో బండిని కదిలించింది.

మెలికల్లో ప్రతి మలుపుకీ ఇండికేటరు. గుండ్రం దగ్గర లైసెన్సు టెస్టులో ఎనిమిది అంకెలా బండి తిప్పినంత పద్ధతిగా, ఒక్క కోను కదలకుండా వేసింది. నలభై అడుగుల రోడ్డెక్కాక తొక్కుదామని కాలు కదిపింది, నిజం. కాని పక్క సీట్లో మనిషి కూర్చుని ఉంది. పక్కన మనిషి ఉంటే ఆ కాలు ఒక్కటే పని చేస్తుంది. యాక్సిలరేటరు మీదికి వెళ్ళాల్సింది వెళ్ళి బ్రేకు మీద కూర్చుంది. బండి ఊరేగింపులా వెళ్ళి నాలుగు కోన్ల మధ్యలో సరిగ్గా ఆగింది. హ్యాండ్ బ్రేకు కూడా వేసింది.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా వచ్చిన టైముల్లో అదే అన్నిటికన్నా వెనక.

"అక్కా, ఇది లైసెన్సు టెస్టు కాదు" అన్నాడు చందు, నవ్వు ఆపుకుంటూ. "ఇక్కడ ఇండికేటరు ఎయ్యక్కర్లేదు."

"తెలుసురా" అంది రోజారమణి. తెలిసీ చేసినందుకే ఆవిడకి ఏడుపొచ్చింది. కాలిని చేత్తో పట్టుకుని కొట్టాలనిపించింది. ఫరవాలేదు, ఇంకోటుంది అనుకుంది. రెండోసారి మేడమ్‌ని దిగమంటాను. ఒక్కదాన్నే వెళ్తాను. పక్కనెవరూ లేకపోతే ఈ కాలు నా మాట వింటుంది.

ఆ మాట ఎలా అడగాలా అని చూస్తుంటే మేడమే ముందు నోరు తెరిచారు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళ కింద తడి ఉంది.

"రోజా గారూ, ఆయన ఈ కారులో ఎప్పుడూ నన్ను ఈ పక్కనే కూర్చోబెట్టుకునేవారు. ఇప్పుడు కూడా తల తిప్పితే ఆయనే ఉంటారనిపించింది. తిప్పితే మీరున్నారు." స్టీరింగ్ మీద చెయ్యి వేశారు. "రేపు ఈ బండి వెళ్ళిపోతుంది. ఒక్కసారి ఆయన సీట్లో నేను కూర్చుంటాను. మీరు పక్కనుంటే నడుపుతాను. మీరు లేకపోతే నా వల్ల కాదు."

ఉన్నది ఒక్క ఛాన్సు. రోజారమణికి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. కారు మేడమ్‌ది, మొగుడు మేడమ్ మొగుడు, ఆశ ఆయనది. వీటిలో తనదేదీ లేదు. తనదల్లా ఒక్క కాలి కోరిక. దాన్ని ఎవరి ముందు పెట్టి న్యాయం అడుగుతుంది?

"అలగే మేడమ్. ఇటొచ్చీండి" అని తలుపు తీసుకుని దిగింది. చుట్టూ తిరిగి వెళ్ళి మళ్ళీ ఎడమ పక్కనే కూర్చుంది. ఈసారి గురువులిచ్చిన పసుపు హెల్మెట్ సీటు కింద కాలికి తగిలింది. పక్కకి తోసింది.

జెండా దిగింది. కారు ఎగిరి ఆగిపోయింది. మేడమ్ మళ్ళీ స్టార్ట్ చేశారు, కదిలారు. మెలికల్లో ఒక కోను పడింది. గుండ్రంలో ఇంకోటి. "సారీ, సారీ" అంటున్నారు కోన్లతో. రోజారమణి నోరు తన పని తను చేసుకుపోతోంది: స్టీరింగ్ ఇటు, మెల్లగా, ఇప్పుడు సెకండ్ గేరు. కుడి కాలు మాత్రం అదేపనిగా నేలని నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా ఉత్త రేకు. అక్కడ ఏమీ లేదు.

నలభై అడుగుల రోడ్డు ఎదురైంది. ఖాళీగా, తిన్నగా, కొండ దాకా. మేడమ్ కాలు వెనక్కి తీసేసుకున్నారు. కారు నీరసపడింది.

"భయమేస్తోంది రోజా గారూ. అయిపోయింది, చాలు."

చాలా? రోజారమణి ఆ రోడ్డు వైపు చూసింది. ఇన్నేళ్ళలో పక్క సీట్లోంచి ఆవిడ ఎవరికీ చెప్పని మాట గొంతులోకి వచ్చింది.

"బయపడకండి మేడమ్. నా కాలు బ్రేకు మీదున్నాది" అని ముందు అలవాటు మాటే అంది. తర్వాత ఆ కొత్త మాట: "తొక్కీయండి."

మేడమ్‌కి ఆ గొంతు తెలుసు. ఆ బ్రేకు మాటా తెలుసు. ఆ మాట విన్నాక ఆవిడ చేతులు ఎప్పుడూ కుదురుకునేవి, ఇప్పుడూ కుదురుకున్నాయి. ఏ కారులో కూర్చున్నారో మర్చిపోయారు.

తొక్కారు.

చిన్న కారు ఒక్కసారి గర్జించి ముందుకి దూకింది. రోజారమణి వీపు సీటుకి అతుక్కుపోయింది. తెల్లరాళ్ళు పక్కల నుంచి గీతలైపోయాయి. ఎర్రదుమ్ము వెనక లేచింది. కప్పు లేని కారు, గాలి హెల్మెట్ అంచు కిందినుంచి దూరి జడ విప్పేసింది. కాలవ గట్టు మీద గాలి ఇదే. ఇన్నాళ్ళు ఎక్కడున్నావే అని అడగాలనిపించింది దాన్ని.

"తొక్కీయండి, ఇంకా తొక్కీయండి" అంటూనే ఉంది. తన కాలు కూడా తొక్కుతోంది, అది బ్రేకు నొక్కినట్టు లేదు.

చివర నాలుగు కోన్లలో మూడు ఎగిరిపోయాయి. ఒకటి బానెట్ మీద పడి దొర్లింది. కారు కొంచెం పక్కకి జారి, దుమ్ములో ఆగింది. చందు వాళ్ళు ఈలలు వేస్తున్నారు. టైము ఎంతయినా, పడిన కోన్లకి కలిపితే ఆఖరి స్థానం ఖాయం. మేడమ్ స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

"చూశారా ఆయన బండి" అన్నారు. "ఎలా వెళ్ళిందో చూశారా."

"సూసాను మేడమ్."

కాసేపటికి మేడమ్ తలెత్తి రోజారమణి కాళ్ళ వైపు చూశారు. అలవాటు కొద్దీ చూసినవారు అలా చూస్తూ ఉండిపోయారు.

"రోజా గారూ. ఈ కారుకి ఆ పక్కన బ్రేకు లేదు కదా."

"నేదు మేడమ్."

మేడమ్ ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు పెందుర్తి దాకా మేడమే నడిపారు, పక్క సీటు వైపు ఒక్కసారి కూడా చూడకుండా. రోజారమణి అడగలేదు, తాళం నాకివ్వండి అని. ఇంత బాగా నడుపుతున్న మనిషిని ఆపడం ఆవిడ వల్ల కాలేదు.

"ఎలగుంది? గెలిసావేటి?" అన్నాడు గురువులు గుమ్మంలో, హెల్మెట్ అందుకుంటూ.

"పక్కన కూకున్నాను బావా" అంది. అతను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.

సోమవారం ఎర్ర కారు ఎలమంచిలి వెళ్ళిపోయింది. అదే పొద్దున్న రోజారమణి స్కూలు కారులో ఎడమ పక్కన కూర్చుంది. స్టీరింగ్ ముందు ఆశ అనే కొత్త అమ్మాయి, బ్యాంకులో కొత్తగా చేరిందట. రైతు బజారు రోడ్డు దాటాక ఆ పిల్ల కాస్త ధైర్యం తెచ్చుకుని, కిందికి తొంగి చూసింది.

"అక్కా, మీ పక్కని కూడా పెడల్స్ ఉన్నాయి కదా. యాక్సిలరేటరు కూడా ఉన్నాదేటి?"

"నేదమ్మా" అంది రోజారమణి. "ఈ పక్కన బ్రేకే. నువ్వు రోడ్డు సూడు."

ఆశ రోడ్డు చూస్తూ, నడిచేవాళ్ళకన్నా కాస్త వేగంగా కారు పోనిస్తోంది. రోజారమణి ఎడమ కాలు తెచ్చి బ్రేకు మీద పెట్టుకుంది. కుడి కాలు దాని పక్కన, ఏ పెడలూ లేని చోట, మ్యాట్ మీద ఉంది. అది అడుగంటా నొక్కి ఉంది.